తీపి పోయిన పిమ్మట

భాద్రపదమాసపు సాయంకాలమున, అమెరికా దేశపు వాయవ్యమూలను సియాటిల్ నగరమునకు చేరువనున్న రెడ్మండ్ పట్టణములో, మా మేనల్లుని గ్యారేజి తలుపు పైకి లేవగానే లోపలినుండి వెలువడిన వెచ్చని ఆవిరి నా ముఖమునకు తగిలినప్పుడు, నేనొక క్షణకాలము సంక్రాంతి ముందటి చలిలో, మా చీడికాడ చెరకుతోటల యంచున, రసము క్రాగుచున్న బెల్లపు పెనము చెంత నిలిచియున్నాననియే భ్రమసితిని. పొయ్యిమీద ఇరువదియైదు లీటర్లు పట్టు ఉక్కుగిన్నె యుండెను. అందులో తేనెవన్నె ద్రవము కుతకుతలాడుచు, బూడిదరంగు తెట్టును పైకెత్తుచుండెను. "మంట తగ్గించరా, పొంగిపోతాది!" అని నేను కేకవేయుటయు, వాడు మీట త్రిప్పుటయు, నురుగు అంచు దాటి నేలపైకి జారుటయు నొక్కసారిగనే జరిగిపోయెను. బెల్లము వండినవాని కన్ను ఏ దేశమునకు పోయినను పొంగును ముందుగనే పసికట్టును.

వాడు వండుచున్నది బీరు. ఆ పని వాడు మొదలిడి నాలుగు నెలలైనను కాలేదు. మే నెలలో దుకాణమునుండి తెచ్చిన సిద్ధసామగ్రితో, చిక్కని యవసారపు డబ్బాను నీటిలో కలిపి, పొట్లములోని హాప్స్ పూలను వేసి, చీటీమీద వ్రాసినది వ్రాసినట్లు చేసిన మొదటి బీరు మిత్రులకు నచ్చెను. ఆ మెప్పు వానికి ధైర్యమునిచ్చెను. ఇక మామిడితో ఒకటి, బెల్లముతో ఒకటి, అల్లముతో ఒకటి చేయవలెనని మనస్సు ఉవ్విళ్లూరెను. నాకు త్రాగుడు అలవాటు లేదు. అక్కడ గడపిన అయిదు నెలలలోను చెంచాతో చవిచూచినదంతయు కలిపినను ఒక గ్లాసు కాదు. అయినను ఆ గ్యారేజిలో వానితో గడపిన శనివారములు నా జీవితములో మరువరానివి. ఏలయన, వాడు సీసాలోనికి దింపజూచినది మా ఊరి వాసనను.

తూర్పుకనుమల పాదమున, కోనాం జలాశయపు నీటితో తడియు పొలముల నడుమ నున్న మా చీడికాడ తరతరములుగా విశాఖపట్టణము జిల్లాలోనిదై, 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఎటు చూచినను చెరకు. చోడవరము దాపున గోవాడలో సహకార చక్కెర కర్మాగారము, అమ్మకమునకు అనకాపల్లి బెల్లపు మార్కెట్టు, ఇంకొకవంక మాడుగుల హల్వా. తీపిని నమ్ముకొని బ్రతికిన సీమ యిది. ఇట్టి సీమలో పుట్టినవాడు వస్తువులో తీపి యున్నంతకాలము దాని వాసన వేరు, తీపి వేరు అని యెన్నడును తలచియుండడు. బీరు చేయువానికి మొదట ఎదురగు పాఠమే అది. మా వాడు దానిని కష్టము మీద నేర్చుకొనెను.

ఆ పని యెట్టిదో చెప్పెదను. యవలను నానబెట్టి, మొలకెత్తనిచ్చి, మొలక పొడవుగా సాగకముందే వేడిగాలిలో ఎండబెట్టుదురు. దీనిని మాల్టు అందురు. చోళ్లను, అనగా రాగులను, మూటగట్టి మొలకలెత్తించి పిండి విసరిన యిల్లాలికి ఇది క్రొత్త విద్య గాదు. మొలకెత్తునపుడు గింజలో పిండిని చక్కెరగా మార్చు ఎంజైములు పుట్టును. ఆ మాల్టును బరకగా విసరి, 65 మొదలు 68 డిగ్రీల వరకు వేడిగల నీటిలో ఒక గంటసేపు నానవేసినచో, గింజలోని పిండియంతయు కరగి తియ్యని రసమగును. పిప్పిని వడకట్టి, ఆ రసమును ఒక గంట మరిగించి, నడుమ హాప్స్ పూలను వేసినచో వానిలోని చేదు రసములోనికి దిగును. తరువాత దానిని వేగముగా చల్లార్చి, 20 డిగ్రీల ప్రాంతమున ఈస్టు చల్లి, గాలి చొరకుండ మూసియుంచవలెను. మూతకు అమర్చిన చిన్నగొట్టములోని నీటిగుండ బుడగలు గుడగుడమనుచు వెలికివచ్చుచుండును. మాడుగులలో గోధుమలను నానవేసి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను నిలువయుంచిన పిమ్మటనే హల్వాకు పెనమెక్కించుట నేనెరుగుదును. ధాన్యమునుండి సారము తీయుట, ఆ సారమును కాలమునకు అప్పగించుట, ఈ రెండును అక్కడివారికిని ఇక్కడివారికిని ఉమ్మడి సొత్తు.

రసపు చిక్కదనమును కొలుచుటకు గాజు హైడ్రోమీటరు కలదు. పాలకేంద్రములో లాక్టోమీటరును చూచినవారికి దీనిని వేరుగ వర్ణింపబనిలేదు. నీటిలో 1.000 చూపు ఆ గాజుపుల్ల, తియ్యని రసములో 1.050 చూపును, ఈస్టు తీపిని తినివేసిన పిమ్మట 1.010కి దిగును. ఆ రెంటికి గల వ్యత్యాసమునుబట్టి మద్యసారము నూటికి అయిదుపాళ్లకు కొంచెము పైగా నున్నదని లెక్క. మా వాడు ఈ యంకెలన్నియు గోధుమరంగు అట్టగల యొక నోటుపుస్తకములో తేదీలతో వ్రాసికొనును. చెరకురసపు పాకపుచుక్కను నీటిలో వేసి, ఉండకట్టునా లేదా యని వ్రేళ్లతో నలిపి చూచి దించిన నాకు, ఆ పుస్తకము మీద గౌరవము కలిగెను.

నేను పోయిన వారములోనే రెండవ వంట జరిగెను. పందొమ్మిది లీటర్ల రసములో వాడు ఏమేమి వేసెనో వినుడు: తీపి కలిపిన మామిడిగుజ్జు, 850 గ్రాముల డబ్బాలు రెండు; నేను పెట్టెలో మోసికొనిపోయిన అనకాపల్లి బెల్లము ఒక కిలో; దంచిన ఏలకులు పండ్రెండు; గుప్పెడు ధనియాలు; అరచేతి యంత అల్లము. అన్నియు మరుగుచున్న గిన్నెలోనే. పదిదినములు కాగానే బుడగలు తగ్గినవని తలచి, హైడ్రోమీటరును ముట్టకయే సీసాలలోనికి పోసి, వాయువు పుట్టుటకై మరికొంత చక్కెర చేర్చి మూతలు బిగించెను. తరువాతి వారమున ఒక రాత్రి గ్యారేజిలో తుపాకి ప్రేలినట్లు చప్పుడైనది. వెళ్లి చూడగా ఒక సీసా పగిలి గాజుపెంకులు గోడదాక చెదరియుండెను. దైవవశమున అక్కడ ఎవ్వరును లేరు. మిగిలినవానిని తుండుగుడ్డలు కప్పి, చల్లబరచి, ఒక్కొక్కటిగ జాగ్రత్తతో తెరవగా, ద్రవములో సగము నురుగై పైకప్పు వంక చిమ్మెను. మిగిలిన సగమును వాడు నోట పెట్టుకొని, చాలసేపు మాటాడలేదు.

"మామిడి ఏదీ మావయ్యా? రెండు డబ్బాలు పోసేను. ఒక్క చుక్కయినా తెలియటం లేదు."

నేనును చెంచాతో రుచి చూచితిని. మామిడి లేదు, పుల్లనిది మాత్ర మేదో యున్నది. బెల్లము అసలే లేదు. ఏలకి యొక్కటే దగ్గుమందు వలె గొంతు పట్టుకొనెను.

"అన్నీ ఒక్కపాలే వేసేసేవు. ఏది ఎక్కడికి పోయిందో ఎలా తెలుస్తాదిరా?" అంటిని.

ఏది ఎక్కడికి పోయినదో కనుగొనుటయే తరువాతి రెండు నెలల మా పని యైనది. బెల్లములో నున్నది మిక్కిలి పాలు చక్కెరయే. యవరసములోని చక్కెరలలో కొన్నింటిని ఈస్టు తినలేదు. అవి అడుగున మిగిలి నాలుకకు నిండుదనము నిచ్చును. బెల్లములోని చక్కెరను మాత్రము అది ఇంచుమించు పూర్తిగా తిని, మద్యసారముగను బొగ్గుపులుసు వాయువుగను మార్చివేయును. అందుచేత కిలో బెల్లము వేసిన బీరు తియ్యనగుటకు మారుగ పలుచనై, ఎండి, ఘాటగును. వాని లెక్క చూడగా ఆ పానీయములో మద్యసారము ఏడున్నరపాళ్లకు చేరినది. బెల్లపు సువాసనలో సూక్ష్మమైన భాగము గంటసేపటి మరుగులో ఆవిరియైపోయెను. మిగిలినదానిని వారముపాటు ఎడతెగక వెలువడిన బుడగలు మోసికొనిపోయెను. మామిడికిని అదే గతి. పండులోని చక్కెర పోగా పులుపు నిలిచినది, పరిమళము పొగవలె లేచిపోయినది, గుజ్జులోని పెక్టిను మరిగినందున బీరు కలకబారినది. ఏలకి నూనె మాత్రము వేడికిని ఈస్టుకును లొంగక పీఠమెక్కి కూర్చున్నది. ఇంతకును మామిడిరుచి యని మనము పిలుచునది పరిమళమును తీపియు కలిసి చెప్పు మాట. తీపిని తీసివేసినచో ఆ పరిమళమును నాలుక మామిడిగా గుర్తించుట కష్టము. నా డెబ్బదియేండ్ల వయస్సులో ఈ సత్యము తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము చెప్పనలవికానిది.

సెప్టెంబరు మొదటివారములో వాడు నన్ను కాస్కేడు పర్వతముల కావలి యాకిమా లోయకు కొనిపోయెను. అమెరికాలో పండు హాప్స్ పూలలో ఇంచుమించు నాల్గింట మూడుపాళ్లు ఆ లోయవే. పదునెనిమిది అడుగుల యెత్తున లాగిన తీగెల మీదికి త్రాళ్ల వెంబడి ప్రాకిన ఆ లతలను చూడగనే, పాడేరు కొండలలో సిల్వరు ఓకు చెట్లకు చుట్టుకొన్న మిరియపు తీగలు నా కన్నులకు కట్టినవి. పచ్చని చిన్న మొగ్గవంటి పూవును విరిచి నలిపినచో లోపల పసుపుపొడి కనబడును. చేదంతయు, వాసనయంతయు అందులోనే. ఆ పర్వతముల పేరే పెట్టి 1972లో విడుదల చేసిన కాస్కేడు అను రకము దబ్బతొక్క వాసన వేయును. అనగా పండు వేయకయే పండువాసన! "ఇది తెలిస్తే మామిడి డబ్బాలు కొనకపోదును" అని మా వాడు అనెను. నిజమునకు హాప్స్ కూడ ఒకనాటి పరిమళద్రవ్యమే. దానికి ముందు ఐరోపావారు గ్రూట్ అను మూలికల మిశ్రమముతో బీరును రుచికట్టెడివారు. 1516లో బవేరియా ప్రభువులు యవలు, హాప్స్, నీరు తప్ప మరేమియు వేయరాదని శాసించిరి. ఈస్టు మాట ఆ శాసనములో లేదు, దాని పని యెవరికిని తెలియదు గనుక. దానిని వివరించిన పాశ్చరు గ్రంథము 1876లో వెలువడినది. కోపెన్‌హేగెను నగరపు కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును 1883లో పెంచెను. బెల్జియము దేశమందలి హూగార్డెన్ గ్రామములోనైతే, ధనియాలును నారింజతొక్కయు వేసిన గోధుమబీరు పూర్తిగా అంతరించిపోగా, పాలు పోయువాడైన పియెర్ సెలిస్ అను నాతడు చిన్ననాడు చూచిన పనిని గుర్తుచేసికొని 1966లో దానిని మరల బ్రతికించెను. ధనియాలు మన రసములోనికి మాత్రమే పుట్టినవనుకొనువారు ఈ కథ వినవలెను.

ఇక మన ప్రాచీనుల సంగతి. మైసూరున శామశాస్త్రిగారి చేతికి 1905లో చిక్కి, 1909లో అచ్చుపడిన కౌటిల్యుని అర్థశాస్త్రములో, రెండవ అధికరణము ఇరువదియైదవ అధ్యాయము సురాధ్యక్షుని గూర్చినది. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని అందులో విభాగములు కలవు. ఆసవమునకు వెలగపండు, మైరేయమునకు బెల్లముతో పాటు పిప్పళ్లు, మిరియాలు చెప్పబడినవి. తియ్యమామిడి రసముతో చేయు సహకారసుర కూడ అందున్నది. మా మేనల్లుడు రెడ్మండులో తడబడిన మార్గమున రెండువేల యేండ్ల క్రిందట మరియొకరు నడచియున్నారన్నమాట. నన్ను మరింత యాకర్షించినది ఇంకొక విధి: కుటుంబులు శుభకార్యములయందు తెల్లసురను, ఔషధమునకై అరిష్టమును ఇంట చేసికొనవచ్చునట, ఉత్సవ యాత్రాదులలో నాలుగు దినములు అనుమతి యీయవలెనట. పులియబెట్టు కిణ్వమును సమకూర్చు పని స్త్రీలకును బాలురకును చెప్పబడెను. రాజ్యము వెలుపలి వ్యాపారమును ఎంత గట్టిగ పట్టుకొన్నను, ఇంటిలోని కుండకు కొంత చోటు విడిచినది.

నవీన రాజ్యములు ఆ చోటిచ్చుటకు చాలకాలము పట్టినది. ఇంగ్లండులో ఇంట బీరు చేసికొనుటకు 1880 నుండి యున్న లైసెన్సు నిబంధన 1963లో తొలగినది. అమెరికాలో 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము, మరుసటి ఫిబ్రవరి నుండి, అమ్మకమునకు గాక సొంతమునకు ఒక్క పెద్దకు ఏటికి నూరు గాలనులు, ఇంటికి రెండువందల గాలనుల వరకు అనుమతించినది. అలబామా, మిసిసిపీ రాష్ట్రములు 2013లో గాని ఒప్పుకొనలేదు. మన కడ 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేక మద్యమును తయారుచేయుట నేరము. కనుక దీనిని చదివిన చీడికాడ కుర్రవాడెవ్వడును గిన్నె పొయ్యి నెక్కింపరాదు. ఈ మాట నేను చట్టభయముతో మాత్రమే చెప్పుటలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచి, ఆ మంట రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చిన దినములు నేను కన్నులార చూచినవి. రెండేండ్లకే ఆ నిషేధము సడలినది గాని, ఆ స్త్రీల దుఃఖము సడలలేదు. మా చెల్లెలు, అనగా ఈ కుర్రవాని తల్లి, నాటినుండి సీసా యను మాటనే యింట రానీయదు. కొడుకు గ్యారేజిలో చేయుచున్నదేమిటో ఆమెకు చెప్పవలసిన భారము నామీద పడెను. చెప్పినప్పుడు ఆమె యన్నది యొక్కటే మాట: "కల్లయితేనేటి, సారా అయితేనేటి, దానికి పేరు మార్చితే సరిపోతాదా అన్నయ్యా?" నాకు సమాధానము తోచలేదు. ఇప్పటికిని పూర్తిగ తోచలేదు.

మూడవ వంటలో మేము పద్ధతి మార్చితిమి. ఏ పరిమళమును లేని సాదా గోధుమబీరును పందొమ్మిది లీటర్లు చేసి, హైడ్రోమీటరు వరుసగా మూడు దినములు ఒకే యంకె చూపువరకు ఆగి, ఒక్కొక్క గాలను పట్టు గాజుకూజాలు నాల్గింటిలోనికి పంచితిమి. మొదటిదానిలో వేయించిన అరకు కాఫీగింజలు ఇరువది గ్రాములు, విసరకుండ, ఒక్క దినము మాత్రమే. రెండవదానిలో తరిగిన అల్లము. మూడవదానిలో దంచిన ధనియాలును నారింజతొక్కయు వోడ్కాలో నానవేసి తీసిన సారము, చుక్కల లెక్కన. నాల్గవదానిలో మామిడిగుజ్జు, దీనిని మాత్రము మరల పులియు కాలమంతయు కదల్పక యుంచితిమి. మిగిలినదానిని ఏమియు కలుపకయే సీసాలకెత్తితిమి. ఈ చివరిది మిక్కిలి ముఖ్యమైనది. సాదాబీరు ప్రక్కన లేనిచో, కూజాలోని రుచి కలిపినదానిదో, మూలముదో ఎవడు చెప్పగలడు? చుక్కల మాట కూడ అట్టిదే: కూజా నంతటిని పణముగా పెట్టక, నూరు మిల్లీలీటర్ల గ్లాసులో సారమును ఒకటి, రెండు, మూడు చుక్కలుగ వేసి చూచి, నచ్చిన కొలతను కూజాకు హెచ్చించుట. మందు దినుసులు తూచు వైద్యుని ఓర్పు వానిలో నా యెదుటనే పుట్టినది.

కాఫీది వెంటనే కుదిరెను. తెల్లని బీరులో కాఫీవాసన యేమిటని నేను ముఖము చిట్లించితిని గాని, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గింజలోని పండువాసన బీరులో తేటగా నిలిచెను. అల్లము కొంచెము హెచ్చైనది. మామిడి యీసారి పలుకరించెను. తీపిగా గాదు, పండిన పండును కోసిన కత్తివాసనగా.

బెల్లము మాత్రము ఇంకను చిక్కలేదు. దానికై నాల్గవ వంట. ఈసారి మాల్టును 69 డిగ్రీల వేడిలో నానవేసితిమి. ఆ వేడికి ఈస్టు తినలేని చక్కెరలు హెచ్చుగ మిగులునని వాడు చదివి తెలిసికొనెను. బెల్లమును కిలోకు బదులు నాలుగువందల గ్రాములు, అందును నల్లరకము, గిన్నెలో మరిగింపక, పులియుట ఆరంభమైన మూడవనాడు కొద్ది నీటిలో కాచి చల్లార్చి పోసితిమి. వాసనకు తీపి తోడు కావలెను గదా. ఆ తోడు బెల్లమునుండి రానప్పుడు యవలనుండి తెచ్చితిమి.

భోగినాడు వాడు మొదటి సీసా తెరచెను. మూత లేవగనే వచ్చిన వాసన బెల్లముది గాదు. పెనము దించిన తరువాత అంచులకు అంటుకొని ఎండిన పాకమును గోకునప్పుడు వచ్చు వాసన. మా వాడు గ్లాసును ముక్కుకడ నుంచుకొని త్రాగుట మరచెను. అప్పుడే చెల్లెలు ఫోనులో కనబడెను. వెనుక మంటలు, పిల్లల కేకలు. కొడుకు చేతిలోనిది చూచి మొగము గంభీరము చేసికొనెను. వాడు గ్లాసును ప్రక్కకు పెట్టి, మరియొక మాట యడిగెను: "అమ్మా, చోళ్లు మొలకలెత్తించటం ఎలాగ?"

ఆ కోరిక నేను నూరిపోసినదే. మొలకెత్తిన చోళ్లలో పిండిని చక్కెర చేయు శక్తి మెండు. జింబాబ్వేలో రపోకో అను పేర వానితోనే బీరు చేయుదురు, నేపాలు తూర్పుకొండలలో తోంగ్‌బా అని వెదురుగొట్టముతో త్రాగుదురు, మన కొండలకావల కోరాపుట్ ప్రాంతమున లంద యని పులియబెట్టుదురు. ఈ ముచ్చటలన్నియు ఆమెకు చెప్పుట కది తగిన సమయము గాదు.

"దేనికిరా?" అని యడిగెను.

వాడు అబద్ధమాడలేదు. "ముందు అంబలికి. తరవాత దీనికి."

ఆమె కొంతసేపు మాటాడలేదు. మంట చిటపటలు వినబడుచుండెను. పిమ్మట అనెను: "రాత్రంతా నానబెట్టు. పొద్దున్న నీళ్లు వంపేసి, తడిగుడ్డలో గట్టిగా మూటకట్టు. మీ ఊరు చలి కదా, పొయ్యి పక్కన పెట్టు. రెండు రోజులదాకా మూట విప్పి చూడకు, తడారిపోతాది."

వాడు నోటుపుస్తకము తెరచి, తేదీ వేసి, తల్లి మాటలను ఆమె యన్నవి అన్నట్లే వ్రాసికొనెను.